చక్రాల ఇంటికి తూర్పు గుమ్మం

క్యాంపింగ్ ట్రైలర్‌లో సామాను సర్దడం పెద్ద శాస్త్రం. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందున్న హిచ్ మీద పడాలి. వెనక బరువెక్కువైతే ఫ్రీవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. ఈ సంగతి తెలియగానే మా ఆయన, ఇండియా ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా తీశారు. ఆవకాయ సీసా తూగింది, సోనా మసూరి సంచి తూగింది, గ్రైండర్ తూగింది. నావైపు కూడా ఓ చూపు చూశారు గానీ, ఎలాగూ కారులో కూర్చునేదాన్నే కదా అని ఊరుకున్నారు.

లాస్ ఏంజెలెస్ నుంచి ఐ-10 పట్టుకుని తూర్పుగా పోతే, అరిజోనా గడప దాటాక క్వార్ట్జ్‌సైట్ వస్తుంది. చలికాలంలో మంచు రాష్ట్రాల రిటైరైన పెద్దలంతా ట్రైలర్లతో వచ్చి వాలే ఎడారి ఊరు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి గంటకు 55 మైళ్లే పరిమితి. లారీలు కూడా మమ్మల్ని దాటిపోతుంటే, "ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా!" అన్నారు, హైదరాబాదులో ఆటోకి సైతం దారివ్వని మనిషి. బ్లైత్ దగ్గర కొలరాడో నది దాటగానే గడియారం గంట ముందుకు దూకింది. భోజనాల వేళ దానంతటదే వచ్చేసింది. దారిలో ఇలాంటి నదులు ఇంకో రెండుండాల్సింది.

ఊళ్లో హాజీ అలీ సమాధి ఉంది. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయడానికి ఒంటెలను తెప్పిస్తే, వాటిని తోలడానికి వచ్చినాయన. 1902లో ఇక్కడే పోయారు. రాతి పిరమిడ్, దాని కొసన లోహపు ఒంటె. "ఒంటెకైతే రివర్స్ గేరు గొడవే లేదండీ" అన్నాను. వినిపించుకోలేదు.

ఊరికి దక్షిణాన లా పోసా అనే ప్రభుత్వ భూమి, 11,000 ఎకరాల పైమాటే. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ కొనుక్కుని ఎక్కడైనా దిగొచ్చు. గీతల్లేవు, నంబర్లు లేవు. ముందుకు పోనిచ్చి బ్రేకేస్తే సరి. మా ఆయన ఫోనులో కంపాస్ తెరిచారు.

ట్రైలర్ గుమ్మం కుడిపక్కన ఉంటుంది. అది తూర్పుకి తెరుచుకోవాలంటే బండి మూతి ఉత్తరానికి తిరగాలి. రివర్స్‌లో స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రైలర్ కుడికి పోతుంది. నేను లారీ క్లీనర్‌లా వెనక నిలబడి, "రానీ, రానీ... హోల్డాన్! ఎడమకండీ!" అని అరిచాను.

"నీ ఎడమా, నా ఎడమా?"

"పెళ్లయి ఇన్నేళ్లయ్యాక కూడా నీది నాది ఏమిటండీ?"

చుట్టుపక్కల మడత కుర్చీలన్నీ మావైపు తిరిగాయి. మా వెనకున్న సగ్వారో చెట్టు ఎప్పుడో చేతులెత్తేసింది. ఒక తాతగారు కాఫీ కప్పుతో వచ్చి, చలికాలంలో గుమ్మం దక్షిణానికి పెట్టుకుంటే పగలంతా ఎండ తగిలి వెచ్చగా ఉంటుందని సలహా ఇచ్చారు. నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ దక్షిణ గుమ్మం అనేసరికి మా ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

మొత్తానికి తూర్పు ముఖంగా నిలిచాం. చీకటి పడ్డాక తెనాలి నుంచి అత్తయ్యగారి వీడియో కాల్.

"గుమ్మం ఎటురా నాన్నా?"

"తూర్పేనమ్మా!" గర్వంగా ఫోను చుట్టూ తిప్పి చూపించారు.

"బాగుంది. మరి పొయ్యి ఆగ్నేయంలోనే ఉందా?"

ఆయన లోపలికి తొంగి చూశారు. నావైపు చూశారు. తాళంచెవుల కోసం జేబు తడుముకున్నారు.