పిల్లిగారి పెళ్ళిచూపులు

పిల్లికి బిచ్చం పెట్టని వంశం మాది. మా తాతగారి పిసినారితనం గురించి తెనాలిలో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. అలాంటి ఇంట పుట్టినవాణ్ణి, సింగపూర్‌ సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్లో డబ్బా పాలపొడి కొని మరీ పిల్లికూనలకు పడుతున్నాను. ఆ డబ్బా ధర అమ్మకింకా చెప్పలేదు.

బ్లాక్ కింద సైకిళ్ళ వెనక రెండు కూనలు అరుస్తుంటే మా ఆవిడ ఆగిపోయింది. తల్లి జాడ లేదు. రోజూ పిల్లులకు తిండి పెట్టే ఆంటీ నా వంక చూసి, "ఎవరో ఒకరు దొరికేదాకా ఉంచుకో" అంది. ఇక్కడ వీధిపిల్లుల్ని పట్టి, ఆపరేషన్ చేయించి, గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి, మళ్ళీ అక్కడే వదులుతారు. 1999లో మొదలైన క్యాట్ వెల్ఫేర్ సొసైటీ, ఇలాంటి ఆంటీలు ఏళ్ళ తరబడి చేస్తున్న పని అది. పెద్దపిల్లులకది చాలు. కూనలకు ఇల్లు కావాలి. మన ఊళ్ళో పిల్లే తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుకుంటుంది. ఇక్కడ ఆ తిప్పుడు మనుషుల మీద పడింది. ఏడిళ్ళలో మాదొకటి, అంతేగా అనుకున్నాను.

కళ్ళు అప్పుడే తెరిచిన కూనకు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. ఆవుపాలు పడవు, విరేచనాలవుతాయి. పట్టాక గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూదితో తుడిస్తేగాని ఒంటికి పోయదు. మా అమ్మాయి పసితనంలో డైపర్ వాసన రాగానే "ఆఫీసు కాల్" అంటూ లిఫ్టు దాకా పారిపోయిన మనిషిని నేను. ఇప్పుడు అదే ఆఫీసు కాల్‌ని మ్యూట్‌లో పెట్టి దూది పిండుతున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుంది. ఏమీ అనదు. అదే భయం.

అమ్మ బెంగ వేరు. "బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళరా" అంటుంది. వింటే నేనింక ఆఫీసుకు చేరినట్టే.

ఈ దేశానికీ పిల్లికీ ఉన్న చుట్టరికం కూడా విచిత్రమైనదే. 1989 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలో పిల్లి నిషిద్ధం. 1991లో మాత్రం సింగపురా జాతి పిల్లికి 'కుచింత' అని పేరు పెట్టి పర్యాటక చిహ్నం చేశారు. నది ఒడ్డున బొమ్మై కూర్చుంటే మర్యాద, మూడో అంతస్తులో మ్యావ్ అంటే నేరం! 2024 సెప్టెంబరు 1న నిషేధం పోయింది. ఫ్లాటుకు రెండు పిల్లులు. మైక్రోచిప్, లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు కావాలంటే ఆన్‌లైన్‌లో ఉచిత పాఠం చదవాలి. నేను చదివాను. పిల్లల పెంపకానికి ముందు ఇలాంటిదేదీ చదివిన గుర్తు లేదు.

కూనలు పెరిగాయి, సంబంధాలు మొదలయ్యాయి. అప్పుడు బయటపడింది నా అసలు రంగు. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి ఆరా తీసేవాణ్ణి: కిటికీలకు జాలీ ఉందా? సెలవులకు ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇవి అడగాల్సినవే, పై అంతస్తుల్లోంచి పిల్లులు జారిపడతాయి. కానీ నేను అక్కడితో ఆగలేదు. ఒకాయన "తోక వంకరగా ఉందే" అన్నాడని వెనక్కి పంపేశాను. ఇక్కడి వీధిపిల్లుల్లో చాలావాటికి తోక పొట్టిదో, కొసన మెలిపడిందో. ఆ మాత్రం తెలియనివాడికి పిల్లనెలా ఇస్తాం? ఇంకొకామెకు అన్నీ ఉన్నాయి. నవ్వు నచ్చలేదన్నాను.

అప్పుడు నోరు విప్పింది మా ఆవిడ: "వీటి మీద ప్రేమతో నువ్వు తలుపు మూసేస్తున్నావు. రెండూ ఇక్కడే ఉండిపోతే, రేపు సైకిళ్ళ వెనక అరిచేదాన్ని ఎక్కడ పెడతాం?"

జవాబు లేదు. లైసెన్సులు మాత్రం రెండూ నా పేరునే ఉన్నాయి.

అందుకే సింగపూర్ తెలుగువారికి నా విన్నపం. ఒక గది, కిటికీకి జాలీ, రాత్రి లేచే ఓపిక ఉంటే చాలు, కొన్ని వారాలు ఒక కూనకు నీడనివ్వండి. పాలు పట్టడం నేను నేర్పుతాను. సంబంధాలు చూసే పని మాత్రం మా ఆవిడది. నన్ను ఆ పెళ్ళిచూపుల గదిలోకి రానివ్వరు.