సీటు పీకి: ఒక ఆటవెలదికి కొత్తవాడ టీక

అవతారిక

మా మేనల్లుడు కేరళలో కోడంచేరి దగ్గరి చాలిప్పుళ నదిలో తెడ్డు వేయడం నేర్చుకుని వచ్చాడు. వానాకాలంలో అక్కడ నీళ్లు రాళ్ల మీది నుంచి నురగలు కక్కుతూ దూకుతాయి. మలబార్ రివర్ ఫెస్టివల్ పేరుతో దేశదేశాల పడవవాళ్లు అక్కడ దిగుతారు. మావాడు ఒట్టి చేతులతో తిరిగి రాలేదు. ఎవరో వాడి వదిలేసిన ప్లాస్టిక్ కయాకును కొని, పార్సిల్ లారీ ఎక్కించి, వరంగల్లు కొత్తవాడలో మా వాకిట్లో దించాడు. వరంగల్లు చుట్టుపట్ల నీళ్లకు ఉరకడం అలవాటు లేదు. కాకతీయులు వాటిని ఎక్కడికక్కడ కట్టేసి, రామప్ప అనీ పాకాల అనీ పేర్లు పెట్టి కూర్చోబెట్టారు. "దీంతో ఇక్కడేం చేస్తావురా?" అంటే, "ముందు దీన్ని కెనూ చేస్తాను మామయ్యా" అన్నాడు.

చేశాడు. నెల పట్టింది. ఆ సందర్భాన నేనొక ఆటవెలది చెప్పాను. చెప్పినవాడే టీక రాసుకోవడం మర్యాద కాదు. కానీ ఈ పద్యానికి మరో వ్యాఖ్యాత పుడతాడన్న ఆశ నాకు లేదు.

మూలం

సీటు పీకి ఫోము చెక్కి పెట్టి మడిచి
మోకరిల్లి తొడకు మోకు బిగియ
నొంటి రెక్క తెడ్డె యొడ్డు చేర్చు ననగ
పాత పడవ కొత్తవాడకయ్యె

ప్రతిపదార్థం

సీటు = ఆసనాన్ని; పీకి = బోల్టులు విప్పి ఊడదీసి; ఫోము = నీళ్లు తాగని నురుగు దిమ్మను; చెక్కి = గుర్రపు జీను ఆకారానికి కోసి; పెట్టి = పడవ నడుమ నిలిపి; మడిచి = ముడిచి (దేనిని? కాళ్లను. మూలంలో లేదు, మనం తెచ్చుకోవాలి); మోకరిల్లి = మోకాళ్ల మీద కూర్చుని; తొడకు = తొడల మీదుగా; మోకు = పట్టీ; బిగియన్ = బిగుసుకోగా; ఒంటి రెక్క తెడ్డె = ఒకే కొసన రెక్క ఉన్న తెడ్డు మాత్రమే; ఒడ్డు చేర్చును అనగన్ = గట్టెక్కిస్తుందన్న ధీమాతో; పాత పడవ = ఎవరో వాడిన పడవ; కొత్త వాడక అయ్యె = కొత్త ఉపయోగంలోకి వచ్చింది.

టీక

మన మెదకు సీమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసు దగ్గర కూర్చున్నాడు. నేను అంత గట్టివాణ్ణి కాను. ఈ మూలంలో ఉన్నది తక్కువ, నాకు తెలిసిందంతా చెప్పాలన్న దురద ఎక్కువ.

మొదట శబ్దవిచారం. కయాకు ఉత్తరధ్రువం దాపుల ఇన్యూట్ వేటగాళ్ల మాట. సీలు తోలు కప్పిన సన్నని పడవ అది. వేటగాడు తన బారలతో, పిడికిళ్లతో కొలుచుకుని, తన ఒంటికి సరిపడా కట్టుకునేవాడు. కెనూ కరీబియన్ దీవుల మాట. స్పానిష్ వాళ్ల నోటబడి ఇంగ్లీషులోకి వచ్చింది. పైన మూత ఉంటే కయాకు, లేకుంటే కెనూ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉరకలెత్తే నీళ్లలో తిరిగే కెనూల్లో పైన మూత ఉన్నవీ ఉంటాయి. నడుముకు గౌను లాంటి రబ్బరు గుడ్డ తొడుక్కుని, దాని అంచును రంధ్రం చుట్టూ బిగిస్తే లోపలికి నీళ్లు రావు. బయటి నుంచి చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. ఉరికే నీళ్లలో జరిగే స్లాలమ్ పందేల్లో రెండింటి కనీస కొలతలూ ఒకటే: పొడవు మూడున్నర మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు. మరి తేడా ఎక్కడ? కాళ్లు చాచి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు వేస్తే కయాకు. మోకరిల్లి, ఒంటి రెక్క తెడ్డు వేస్తే కెనూ.

"సీటు పీకి" అన్నదే ఈ పద్యానికి ప్రాణం. మావాడు పడవ అడుగును ముట్టుకోలేదు, మూతను కోయలేదు. సీటు తీశాడు, పాదాలు ఆనించే చెక్కలు తీశాడు, తొడలు ఒత్తి పట్టే కొక్కేలు తీశాడు. అంతే, పేరు మారిపోయింది.

ఈ మాట మా పక్కింటి జంపఖానాల పెద్దన్నకు రుచించలేదు. కొత్తవాడ సంగతి తెలియనివారికి ఒక మాట: వరంగల్లు జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ జంపఖానాలు నేసే చేతులున్న పేటల్లో మాది ఒకటి. పెద్దన్నది గుంట మగ్గం. గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి చూసి ఇలా అన్నాడు: "గిదేంది పంతులు సారూ, కాళ్లు సాపి కూసునేటోన్ని మోకాళ్ల మీద కూసోవెడ్తే పడవ మారినట్టేనా? మా తమ్ముడు గుంట పూడ్సి స్టాండు మగ్గం వెట్టిండు. పోగు గదే, గుడ్డ గదే. నడుము నొప్పి ఒక్కటే జాగ మారింది."

ఇంత మంచి పూర్వపక్షం నాకు ఏ శాస్త్రంలోనూ తగల్లేదు. సమాధానం చెప్పడానికి నేనే ఆ ఫోము దిమ్మ మీద మోకరిల్లి చూశాను, వాకిట్లోనే, నీళ్లు లేకుండా. నిజం చెప్పాలంటే లోకం జానెడు ఎత్తు నుంచి కనబడింది. ఏటి మధ్య రాయి ముందుగా కంటబడాలంటే ఆ జానెడూ అక్కరకొస్తుంది. ఎత్తు పెరిగితే పడవ ఒరగడమూ పెరుగుతుంది, అది వేరే లెక్క. ఐదు నిమిషాలకు కాళ్లు తిమ్మిరెక్కాయి. లేవబోతే పాదాలు రాలేదు. వెనక మూత ఎత్తుగా ఉన్న పడవనే ఈ పనికి ఎంచుకోవాలని అప్పుడు అర్థమైంది. మూత పల్లంగా ఉంటే, బూట్లతో సహా పాదం ఫోముకీ ప్లాస్టిక్కుకీ మధ్య ఇరుక్కుంటుంది. మన బమ్మెర పోతన గారి గజేంద్రుణ్ణి ఆదుకోవడానికి ఒకాయన దిగివచ్చాడు. నన్ను మా అక్క లాగింది.

"ఫోము" గురించి రెండు ముక్కలు. పరుపుల దుకాణంలో దొరికేది పనికిరాదు, స్పంజిలా నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. చెప్పుల అట్టలు కోసే ఈవీఏ షీట్లు కావాలి. ఒకదాని మీద ఒకటి అంటించి, దిమ్మ చేసి, ఏడంగుళాల ఎత్తుకు జీనులా చెక్కాడు. సొల్యూషన్ రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాకే అద్దాలి. ఈ కిటుకు చెప్పులు కుట్టే అతనే నేర్పాడు. పడవ ప్లాస్టిక్కు మాత్రం ఏ జిగురుకూ లొంగే రకం కాదు. గరుకు కాగితంతో రుద్ది అంటించినా, దిమ్మను అడుగుకీ మూతకీ మధ్య బిగుతుగా ఇరికించాల్సిందే. ఇంకొకటి, నీళ్లలో చూడకుండా అంటించకూడదు. మొదటిసారి ముక్కు పైకి లేచింది. దిమ్మను మూడు వేళ్ల మందం ముందుకు జరిపితే దిగింది.

ఇక "మోకు". ఇది గీత కార్మికుడి మాట, తాడెక్కేవాణ్ణి చెట్టుకు పట్టి ఉంచేది. యతి కోసం వేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ అర్థం చెడలేదు. పడవ బోర్లా పడినప్పుడు మనిషి జారిపోకుండా, ఒంటిని విదిలించి మళ్లీ లేచేట్టు పడవను తొడలకు కట్టి ఉంచేది ఈ పట్టీయే. పట్టీ దగ్గరే నా పాండిత్యం ఒలికింది. నైలాను ఎందుకు, మన జంపఖానా అంచు పెడితే కొత్తవాడ పేరుంటుంది కదా అన్నాను. ఎర్రటి నీలిగీతల నూలు పట్టీ, రెండంగుళాల వెడల్పు. ముడి నేనే వేశాను. ఎండలో చూడముచ్చటగా ఉంది. ఊరి బయటి చెరువులో, నడుము లోతు నీళ్లలో పడవ బోర్లా పడింది. నేను గట్టు మీద నిలబడి ఏడు దాకా లెక్కపెట్టాను. ఎనిమిది అనడానికి నోరు రాలేదు. తడిసిన నూలు ముడి రాయయింది. వాడు ఒక కాలు ఎలాగో గుంజుకుని, పడవను వీపున మోస్తూ బురదతో పైకి వచ్చాడు. "మామయ్యా, నీ ముడి వ్యాకరణంలో వేసుకో" అన్నాడు.

పెద్దన్నకు చెబితే తాపీగా, "తడిస్తె నూలు బిగుస్తదని నాకెరుకే సారూ. నన్నెవలడిగిండ్రు?" అన్నాడు.

ఇప్పుడున్నది నైలాను పట్టీ. బడిసంచీకి ఉండేలాంటి బకిలు, దాని కొసకు ఒక లావుపాటి పూస. కళ్లు మూసుకుని, తలకిందులుగా, చలికి వేళ్లు కొంకర్లు పోయినా చేతికి తగలాలి, లాగితే ఊడిరావాలి. వాకిట్లో ముప్పై సార్లు ఊడదీయించాకే మళ్లీ చెరువు దగ్గరికి పోనిచ్చాను. కాబట్టి "బిగియన్" దగ్గర పాఠకులు ఆగాలి. విప్పుకోవడం తెలిశాకే బిగించుకోవాలని అన్వయం. పద్యంలో ఆ మాటకు చోటు చాల్లేదు.

"ఒంటి రెక్క తెడ్డె". ఇందులోని ఏవకారం బడాయికి. రెండు రెక్కలవాడు కుడీ ఎడమా మార్చి మార్చి వేస్తూ తిన్నగా పోతాడు. ఒంటి రెక్కవాడు కుడివైపు ఒక పోటు వేస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. అందుకని ప్రతి పోటు చివరా రెక్కను పడవ వెంబడి మెలితిప్పి దిద్దుకోవాలి. రెండో వైపు నీళ్లు కావలసి వస్తే చేతులు మార్చుకోడు. నడుము తిప్పి, తెడ్డును ముక్కు మీదుగా అవతలికి దాటిస్తాడు, మగ్గంలో నాడె ఇటునుంచి అటు దూకినట్టు. శంక: ఇంత కష్టం దేనికి? రెండో రెక్క పెట్టుకోవచ్చు కదా? ఇది మేనల్లుణ్ణి అడగవలసిన శంక, నన్ను కాదు. నాకు తెలిసింది పందేల సంగతి మాత్రమే. స్లాలమ్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వచ్చిన 1972లోనే మగవాళ్లు మోకరిల్లి పోటీ చేశారు. ఆడవాళ్లకు ఆ పోటీ టోక్యో దాకా రాలేదు, అంటే 2021. అప్పుడు గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్ 2024 పారిస్‌లో కూర్చునీ స్వర్ణం గెలిచింది, మోకరిల్లీ గెలిచింది. ఈ సంగతి చెబితే పెద్దన్న మొదటిసారి తలూపాడు. "గుంటల నేషినా, స్టాండు మీద నేషినా పోగు తెగనియ్యని పిల్ల" అన్నాడు.

"కొత్తవాడకయ్యె". శ్లేష. కొత్త వాడక అయ్యె అని ఒకటి, కొత్తవాడకు అయ్యె అని రెండు. రెండో అర్థం ఒట్టి చమత్కారమేనని, పడవ వానలు పడగానే కోడంచేరి పోతుంది కాబట్టి పొసగదని మేనల్లుడి ఆక్షేపణ. న్యాయమే. జూన్‌లో పడవ లారీ ఎక్కి పోయింది కూడా.

పాఠభేదం

"సీటు పీకి" అన్నచోట "సీటు దాచి" అన్నది మా అక్క పాఠం. పీకేసిన సీటును ఆమె పారేయనివ్వలేదు, అటక మీద పెట్టించింది. నడుము పట్టేలా వంపు తిరిగిన ప్లాస్టిక్ సీటు, వెనక వీపుకు ఆనుకునే పట్టీతో సహా. పడవ పోయిన వారానికి పెద్దన్న వచ్చి, "సారూ, గా కుర్సీ ఉత్తగనే ఉన్నదా?" అని అడిగాడు. నిన్న పొద్దున అటు పోతూ చూశాను. మగ్గం గట్టు మీద దాన్ని రెండు మేకులతో బిగించాడు, మీద పాత జంపఖానా ముక్క పరిచాడు. కాళ్లు గుంటలోకి వదిలి, వీపు ఆనించి నేస్తున్నాడు.