సెలెక్షన్ 7 ఎక్కడుంది?

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పటి నుంచి మాదాపూర్ అంటే కోడ్ రాసేవారి ఊరన్న అభిప్రాయం స్థిరపడిపోయింది కానీ, అక్కడి అద్దాల మేడల్లో కోడ్ జోలికి పోనివారూ ఉన్నారు. విమానపు బ్రాకెట్టు ఎంత బరువుకు వంగుతుందో, కారు తలుపు ఎన్నాళ్లకు పగులుతుందో ఆ వస్తువు తయారు కాకముందే లెక్కగట్టే సిమ్యులేషన్ ఇంజనీర్లు వారు. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా హైదరాబాద్‌లో మొదలై, తరువాత సైయెంట్‌గా పేరు మార్చుకున్న సంస్థ ఇటువంటి ఇంజనీరింగ్ సేవలకు ఈ నగరంలో తొలినాళ్లలోనే దారి వేసింది.

వారి విద్యకు ఆధారం, 1960లో రే క్లఫ్ నామకరణం చేసిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. అంటే వస్తువును లక్షల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలు కలిసే నోడ్ల వద్ద సమీకరణాలు రాసి, అన్నింటినీ ఒకేసారి సాధించడం. ఈ మహాగణితాన్ని సాఫ్ట్‌వేర్‌లోని సాల్వర్ అనే భాగం కిక్కురుమనకుండా చేసేస్తుంది కనుక, ఇంజనీరింగ్ పట్టా పొందిన మనిషికి మిగిలే పని ఏ ముఖం బిగించి ఉంది, ఏ ముఖంపై ఒత్తిడి పడుతుంది అని మౌస్‌తో నొక్కి చూపించడమే. అరవై బోల్టు రంధ్రాలున్న ఫ్లాంజిలో యాభై ఎనిమిదింటిని కంట్రోల్ కీ పట్టుకొని ఎంచుకున్నాక, వేలు జారి ఖాళీ చోట నొక్కితే అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఈ దుఃఖాన్ని తీర్చడానికే, ఎంచుకున్న ముఖాలనో అంచులనో ఒక గుంపుగా కట్టి పేరు పెట్టి దాచుకునే సదుపాయం ఏర్పడింది. దానిని అన్సిస్ మెకానికల్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేమ్డ్ సెలెక్షన్ అనీ, అబాకస్ అనే మరోదానిలో సెట్ అనీ అంటారు.

అయితే సదుపాయం ఇచ్చినవారు పేరు పెట్టే బాధ్యతను మనుషులకు వదలడం పొరపాటే అనిపిస్తుంది. పేరు తోచనివారి కోసం సాఫ్ట్‌వేర్ ‘సెలెక్షన్ 2’, ‘సెట్-1’ వంటి పేర్లు తానే సూచిస్తుంది. గడువు తరుముతున్నవారికి అవి శాశ్వత నామాలవుతాయి. కొంత శ్రద్ధ గలవారు ‘బోల్ట్_హోల్స్’ అని మొదలుపెట్టి, ‘బోల్ట్_హోల్స్_న్యూ’, ‘బోల్ట్_హోల్స్_న్యూ_ఫైనల్’ మీదుగా ‘ఫైనల్_2’ దాకా ప్రయాణిస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘పైది’, ‘కిందది’ అని రాసుకొని, ఆ మోడల్ అమెరికాలోని క్లయింటుకు చేరాక వాటిని సంక్షిప్త సాంకేతిక నామాలుగా సమర్థించుకోగల ప్రతిభావంతులు కూడా ఉండకపోరు.

అసలు చిక్కు డిజైను మారినప్పుడు వస్తుంది. చేత్తో ఏరి కట్టిన గుంపు లోపల గుర్తుంచుకొనేది ముఖాల అంతర్గత సంఖ్యలను మాత్రమే కనుక, వస్తువు ఆకారాన్ని కంప్యూటర్‌లో గీసే క్యాడ్ విభాగం ఒక అంచును గుండ్రం చేసి పంపితే ఆ సంఖ్యలు తారుమారై గుంపు ఖాళీ కావచ్చు, లేదా వేరొక ముఖాన్ని పట్టుకోవచ్చు. ఈ బలహీనత హైదరాబాదీలకు కొత్తది కాదు. స్థలం పంచుకున్నప్పుడల్లా గీత కింద గీత చేర్చుకుంటూ పోయే ఇంటి నంబర్లను నమ్మక, అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెప్పి, మాదాపూర్‌లో మెట్రో స్టేషన్ పేరు చెప్పి డెలివరీ కుర్రవాణ్ణి ఇంటికి రప్పించుకోవడం ఇక్కడ అందరికీ అలవాటే. సాఫ్ట్‌వేర్ కూడా ఇదే మార్గం చూపుతుంది: సంఖ్యకు బదులు ‘ఈ వ్యాసార్థం గల ముఖాలన్నీ’, ‘ఈ ఎత్తున ఉన్నవన్నీ’ అని లక్షణం చెబితే, మోడల్ మారిన ప్రతిసారీ గుంపును తానే తిరిగి ఏరుకుంటుంది.

లక్షణానికి మాత్రం వివేకం ఉండదు. నూనె కారిపోవడానికి పెట్టిన రంధ్రం దురదృష్టవశాత్తు బోల్టు రంధ్రాల వ్యాసార్థంలోనే ఉంటే అదీ గుంపులో చేరి, ఎన్నడూ ఎరుగని బోల్టు భారాన్ని మోసి, ఫలితాల చిత్రంలో ఎర్రగా మెరుస్తుంది. సమీక్ష సమావేశంలో పెద్దలు దానిని గంభీరంగా పరిశీలించి, అక్కడ లోహపు మందం పెంచాలని సూచిస్తారు.