‘పదివేలలో దేశమంతా’ – టీకా తాత్పర్యాలు

మూలం: “పెద్ద ఖర్చేం కాలేదండీ, పదివేలలో ఇండియా మొత్తం చుట్టేసి వచ్చాం.”

అవతారిక: పెళ్ళిళ్ళలో రెండో బంతి లేచాక, ఫ్యాను కింద కుర్చీ దొరికిన పెద్దమనిషి ఎవరూ అడక్కుండానే వినిపించే వాక్యమిది. అటు కన్యాకుమారి, ఇటు అమృత్‌సర్, మధ్యలో కాశీ, గయ, డార్జిలింగు. మనుషులు ఇద్దరు. విన్నవాళ్ళు తమ తిరుపతి ఖర్చు తలుచుకుని కుంచించుకుపోవాలన్నదే ప్రయోజనం. ఇంతటి వాక్యానికి ఇన్నాళ్ళూ వ్యాఖ్య లేకపోవడం సహించలేక పూనుకుంటున్నాం.

ప్రతిపదార్థం: సులభం. వదిలేస్తున్నాం.

అన్వయం: చిక్కు ఇక్కడే. అర్థాపత్తి అనే ప్రమాణానికి మీమాంసకులు చెప్పే ఉదాహరణ ఒకటుంది. దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు మాత్రం తినడు. కాబట్టి రాత్రి తింటూ ఉండాలి. మన యాత్రికుడూ ఊళ్ళన్నీ తిరిగి నిగనిగలాడుతూ వచ్చాడు, సంచీలో హోటలు బిల్లు ఒక్కటీ లేదు. కాబట్టి ఎవరో పెట్టి ఉండాలి. ఆ పెట్టినవాళ్ళు వాక్యంలో కనిపించరు. లోపించిన పదాలను అధ్యాహారం చేసుకోమంది శాస్త్రం. చేసుకుంటే: “(మావి) పదివేలు, (చెన్నై తోడల్లుడివీ, నాగపూరులో వేలు విడిచిన మేనమామ కొడుకువీ, కోల్‌కతాలో మా అబ్బాయి స్నేహితుడివీ ఎన్నో మేం అడగలేదు).”

నాగపూరు మాట వచ్చింది కనక దాని పక్కనున్న రామటేక్ గురించి కొంచెం. కాళిదాసు మేఘసందేశంలోని రామగిరి ఇదేనని చాలామంది పండితుల మతం. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన మన కొలచల మల్లినాథసూరి మాత్రం చిత్రకూటమన్నాడు. ఆయన మెదకు వైపు కొల్చారం మనిషి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. మేమేమీ ప్రతిజ్ఞ పట్టలేదు కనక ముందుకు పోతున్నాం. రామగిరి నుంచి అలకాపురికి మేఘం చేసినంత చవక ప్రయాణం మరొకటి లేదు. టికెట్టు లేదు, సామాను లేదు. ఎక్కడ ఆగాలో, ఏ నదిలో దాహం తీర్చుకోవాలో దాన్ని పంపిన యక్షుడు ముందే చెప్పాడు. దారి వంకర తిరిగినా సరే, ఉజ్జయిని చూడకుండా వెళ్ళొద్దన్నాడు. రేవానది నీళ్ళు తాగి కాస్త బరువెక్కితే గాలికి కొట్టుకుపోవన్నాడు. అయితే కాళిదాసు లెక్కలో ఇంకో పద్దు ఉంది. అలసిన మేఘాన్ని ఆమ్రకూటం నెత్తిన పెట్టుకుంటుంది, ఎందుకంటే ఆ కొండ మీది కార్చిచ్చు ఆర్పింది ఈ మేఘమే. ఏటి ఒడ్డున మొగ్గల మీద చినుకులు పడతాయి. పూలు కోసే ఆడవాళ్ళ చెమట ముఖాలకి క్షణం సేపు నీడ దొరుకుతుంది. దశార్ణ దేశానికి మేఘం చేరేసరికి తోటల కంచెల్లో మొగలి మొగ్గలు విచ్చుకుంటాయి. తాగిన నీళ్ళకు దారిపొడుగునా వానతో చెల్లు పెడుతూ పోయింది. ఒక్క ఊరికీ బాకీ పడలేదు. ఆతిథ్యధర్మం మీద ధర్మశాస్త్రాల్లో కూడా ఇంత మంచి ప్రకరణం మేం చదవలేదు.

మన యాత్రికుడు... అవును, వ్యాఖ్య ఆయన మీదే కదూ! ఆయన కోల్‌కతాలో నాలుగు రోజులుండి ఆ కుర్రాడికి పూతరేకుల ప్యాకెట్టు ఒకటిచ్చాడు. అది రైల్లోనే పొడైపోయింది.

పూర్వపక్షం: అతిథి దేవుడు కాడా? సమాధానం: దేవుడికి నైవేద్యం పెట్టి తలుపు మూస్తాం. దేవుడి బట్టలు ఉతికి, వేణ్ణీళ్ళు కాచి, ఆయన తిరుగుప్రయాణానికి స్లీపర్ తత్కాల్ కోసం పొద్దున్న 11 గంటలకి ఆఫీసు పని వదిలి ఫోను నొక్కుతూ కూర్చోం.

మరో పూర్వపక్షం: స్వర్ణదేవాలయం లంగరులో ఎవరైనా ఊరికే తినొచ్చు కదా? తినొచ్చు. కులం, మతం అడగరు. తిన్నవాళ్ళలో ఎందరో లేచి కంచాలు తోముతారు, ఉల్లిపాయలు తరుగుతారు, రొట్టెలు ఒత్తుతారు. ఈయన చెయ్యి కడుక్కుని వచ్చి దాన్ని మిగులు కింద రాసుకున్నాడు. వ్యాఖ్యాతకి ఇక్కడ కోపం వచ్చింది. రాకూడదన్న నియమం మేం ఎక్కడా చూడలేదు.

రసం: వీరమని కర్త ఉద్దేశం. స్టేషనులో ముసలి కూలీతో ఇరవై రూపాయల దగ్గర పావుగంట పోరాడి గెలిచిన ఘట్టం ఆయన అభినయించి మరీ చెబుతాడు. తక్కువ డబ్బుతో తిరగడం తప్పని ఎవరన్నారు? డబ్బు లేనివాడు అలాగే తిరగాలి. డిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారికి వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ 4,000 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది, మూడు రోజులు దాటుతుంది. అస్సాం కుర్రాళ్ళు అందులో కేరళకి కూలిపనులకి పోతుంటారు. బ్రహ్మపుత్ర మైదానం, మన గోదావరి వంతెన, పాలక్కాడు కనుమ, అన్నీ దారిలోవే. జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి తలుపు పక్కన మోకాళ్ళు ముడుచుకున్నవాడికి వాటిలో ఏది కనపడుతుంది? దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి అందరికంటే తక్కువలో దాటేది వాడే. పెళ్ళిలో ఫ్యాను కింద కూర్చుని చెప్పుకోడు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరితే ఆయన పల్లకీ మోసిన బోయీలూ ఆ కొండలూ నదులూ దాటారు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. బోయీల చరిత్ర అచ్చు కాలేదు.

పాఠభేదం: నాగపూరు ప్రతిలో ఈ వాక్యం వేరుగా ఉంది. ‘పదివేలలో’ అన్న మాట లేదు, ‘చుట్టేసి వచ్చాం’ అన్నచోట ‘మళ్ళీ దిగారు’ అని ఉంది. ఆ ఇంటి ఇల్లాలు గ్యాసు బండ, పాలు, ఆటో పద్దులతో దానికి ప్రత్యేకంగా ఒక టీక రాసుకుంది. అడిగాం గానీ, చుట్టరికం చెడుతుందని ఆమె ప్రకటనకి ఒప్పుకోలేదు.