అమ్ముతానంటాడు, ఇవ్వనంటాడు

ఇల్లు అమ్మకానికి పెట్టిన పెద్దమనిషిని గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. ఆయన గోడ మీద బోర్డు ఉండదు. బోర్డు కడితే వీధిలో పరువు పోతుందని ఆయన భయం. అయినా కిళ్లీకొట్టు దగ్గర్నుంచి గుళ్లో పూజారి దాకా సంగతి అందరికీ తెలుసు. ఎవరైనా ‘ఇల్లు ఇచ్చేస్తున్నారటగా మాస్టారూ’ అంటే ‘ఎవరు చెప్పారు మీకు?’ అని ఉలిక్కిపడతాడు, ఆ వెంటనే గొంతు తగ్గించి ‘మంచి పార్టీ ఎవరైనా ఉన్నారా?’ అంటాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరో, బ్యాంకు మేనేజరో, ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటో అయ్యుంటాడు. పిల్లల్లో ఒకరు డల్లాస్‌లో, ఒకరు గచ్చిబౌలిలో. ఇల్లు తెనాలిలోనో, అమలాపురంలోనో, జనగామలోనో తండ్రి కట్టించింది. ముందు అరుగులు, వెనక నుయ్యి, నుయ్యి పక్కన ఏటా పురుగు పట్టినా కొట్టించని ములగచెట్టు. అమ్మేద్దామని ఇంట్లో అందరూ తీర్మానించుకుని ఎన్ని సంక్రాంతులు దాటినా ఇల్లు అక్కడే ఉంటుంది. పెరిగేదల్లా ఆసామి వేసుకునే బీపీ మాత్ర మోతాదు. వీధి ఆయనకు ఆశ ఎక్కువంటుంది, భార్య చాదస్తం అంటుంది, బ్రోకరు అనేమాట అచ్చు వేయడానికి వీల్లేదు. ముగ్గురూ చూస్తున్నది ఒకటే మనిషినే గానీ, ముగ్గురూ ఆయన బేరం చేస్తున్నాడనే అనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆయన చేస్తున్నది బేరం కాదు, ఎవరూ నేర్పని ఒక కర్మకాండ.

ఇంట్లోకి వెళ్లడానికి మనవాళ్లు పెట్టుకున్న తతంగం చూడండి. శంకుస్థాపనకో ముహూర్తం, ద్వారబంధం ఎత్తడానికో ముహూర్తం, దాని కింద నవధాన్యాలు, గృహప్రవేశానికి ఆవూ దూడా, కొత్త గిన్నెలో పాలు పొంగించడం, వాస్తుహోమం, సత్యనారాయణ వ్రతం, ఆడపడుచులకు బట్టలు, గుమ్మానికి బూడిదగుమ్మడికాయ. అదే ఇంట్లోంచి శాశ్వతంగా బయటికి రావడానికి ఏముంది? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒక టోకెను, మెషీను మీద వేలిముద్ర, కెమెరా ముందు బిత్తరచూపుల ఫోటో ఒకటి. భోజనాల వేళ దాటితే అదీ మర్నాటికే. మనిషి పోతే పదో రోజున ఏం చేయాలో, పన్నెండో రోజున ఎవరికి అన్నం పెట్టాలో చెప్పడానికి పురోహితుడున్నాడు. ఏడుపుకీ ఒక వేళ ఉంది, దాన్ని ఆపడానికీ ఒక వేళ ఉంది. అరవై ఏళ్ల ఇల్లు పోతే ఏ రోజున ఏడవాలో చెప్పేవాడు లేడు. అందుకని పాపం ఆసామి ఆ పనంతా బేరంలోకి దూర్చేస్తాడు. ఇల్లు చూపించడం, ధర చెప్పడం, చెప్పిన ధర మార్చడం, కాగితాలు వెతకడం, మూఢం వచ్చిందని ఆగడం, ఆషాఢం వెళ్లనీయమనడం, ఇవన్నీ వ్యాపారం లెక్కన చూస్తే పిచ్చిగా కనిపిస్తాయి. వీడ్కోలు లెక్కన చూడండి, ఒక్కటీ వృథా కాదు.

పార్టీ వచ్చిన రోజు సంగతే తీసుకోండి. అది తలకిందులైన పెళ్లిచూపులు: చూడ్డానికి వచ్చినవాడు కూర్చుంటాడు, చూపించాల్సినవాడు ప్రశ్నలేస్తాడు. ‘మీదేవూరు? పిల్లలెంతమంది? పెద్దవాళ్లు మీ దగ్గరే ఉంటారా? నుయ్యి పూడుస్తారా, ఉంచుతారా?’ వచ్చినవాడికి కావలసింది నాలుగు ముక్కలు: ఎన్ని గజాలు, రోడ్డు ఎన్నడుగులు, ఏ ముఖం, ఎంతకిస్తారు. ఆసామి ఆ నాలుగూ తప్ప మిగతావన్నీ చెబుతాడు. దూలాలు బర్మా టేకువని, ఆ రోజుల్లో కాకినాడ నుంచి బండి మీద వచ్చాయని, వాటి మీద ఒక్క చెదపురుగు కూడా వాలలేదని చెప్పి, రుజువుకి చేతికర్రతో దూలాన్ని తడతాడు. వంటింటి ద్వారబంధం దగ్గర మాత్రం తప్పకుండా ఆగుతాడు. దాని మీద పెన్సిలు గీతలుంటాయి, గీత గీతకీ పక్కన ఒక పేరు, ఒక సంవత్సరం. ‘ఇది 1984, మావాడు. ఇది 1986. ఆ ఏడు టైఫాయిడ్ వచ్చి పొడుగు సాగలేదు.’ వచ్చినవాడు ఫోన్లో కాలిక్యులేటర్ తీసి, స్టిల్టు ప్లస్ ఫైవ్ వేస్తే ఎన్ని ఫ్లాట్లు పడతాయో లెక్కేసుకుంటూ ‘అలాగాండీ’ అంటాడు. ఈలోగా వాడితో వచ్చిన సిద్ధాంతి దిక్సూచి చేతబట్టుకుని పెరట్లోంచి తిరిగొచ్చి, ఆగ్నేయం పెరిగిందని, పైగా వీధిపోటు ఉందని తేలుస్తాడు. వాస్తు దోషానికి గజానికి ఇంతని తగ్గింపు అడగడం మన దగ్గర మామూలే, ఆ సంగతి ఆసామికీ తెలుసు. కానీ ఆయన దాన్ని బేరంలో ఎత్తుగా వినడు, తండ్రిని తిట్టినట్టే వింటాడు. ‘మా నాన్న ఈ ఇంట్లోనే ఎనభై ఏడో ఏడు దాకా బతికాడండీ’ అంటాడు. అంతటితో ఆ పార్టీ పోయినట్టే.

ఇక ధర. బజారు రేటు గజం నలభై వేలైతే ఆయన అరవై వేలు చెబుతాడు. ఎందుకని అడిగితే ఎప్పుడో ఎవరో మెయిన్ రోడ్డు మీద కార్నర్ బిట్టు అమ్మిన ధర చూపిస్తాడు. ఇందులో ఆయన ఒంటరివాడేం కాదు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో అచ్చువేసిన ప్రయోగాల్లో విద్యార్థులు కొందరికి కాఫీ కప్పులిచ్చి, అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ ధర చెప్పమన్నారు. కప్పు చేతిలో ఉన్నవాళ్లు చెప్పిన ధర, లేనివాళ్లు ఇస్తామన్నదానికి ఇంచుమించు రెట్టింపు. అప్పుడే చేతికొచ్చిన కప్పు మీదే అంత మమకారమైతే, నాలుగు పెళ్లిళ్లూ రెండు చావులూ జరిగిన ఇంటికి సగం రేటు మాత్రమే ఎక్కువ చెప్పడం నిగ్రహం కింద లెక్క. పైగా ఆ అదనపు సొమ్ముకి మన చట్టంలోనే ఒక ఖాతా ఉంది. ప్రాజెక్టుకో రోడ్డుకో ప్రభుత్వం బలవంతంగా భూమి తీసుకుంటే, పరిహారానికి తోడు సొలేషియం అని విడిగా ఇవ్వాలి. 1894 నాటి చట్టం కింద అది 15 శాతం ఉండేది, 1984లో 30 అయింది, 2013 చట్టం దాన్ని 100 శాతం చేసింది. ఇష్టం లేకుండా వదులుకునేవాడికి వస్తువు విలువ ఒక్కటే ఇస్తే చాలదని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. మన ఆసామి చేసే తప్పల్లా ఆ ఓదార్పు సొమ్మును కొనేవాడి దగ్గర వసూలు చేయబోవడం. కొనేవాడు ఆయన్ని బలవంతపెట్టలేదు. పెట్టినవి ఆయన మోకాళ్లు, వీడియో కాల్‌లో ‘ఆ మేడమెట్లు ఎక్కొద్దు డాడీ’ అనే కూతురు, ప్రతి వానాకాలం కారే అటక. వాటికి బిల్లు పంపలేడు కదా, అందుకని ఎదురుగా కూర్చున్నవాడికి పంపుతాడు.

ఇదంతా పైపై పూత, లోపలున్నది వట్టి డబ్బాశేనని అనేవాళ్లుంటారు. సరే, పరీక్షించి చూద్దాం. ఇదే ఆసామికి షాద్‌నగర్ దగ్గర రెండువందల గజాల ప్లాటు ఒకటి ఉంటుంది, సర్వీసులో ఉండగా వాయిదాల మీద కొన్నది. ధర వచ్చిందని బ్రోకరు ఫోన్ చేస్తే అరగంటలో సరేనంటాడు, కొన్నవాడి ముఖం రిజిస్ట్రేషన్ రోజున గానీ చూడడు, వాడికి పిల్లలెంతమందో అడగడు. ఆశే రోగమైతే రెండు చోట్లా ఒకేలా బయటపడాలి. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. బిల్డరు కోటీ ఇరవై ఇస్తానంటే నానుస్తాడు, పాత ఇళ్లంటే ముచ్చటపడే డాక్టరుగారు ‘ఇల్లు ఇలాగే ఉంచుకుంటామండీ’ అంటే కోటీ పదికి మెత్తబడతాడు. ఆ మాట విలువ పది లక్షలన్నమాట. ఆశబోతులెవరూ మాటకి పది లక్షలివ్వరు. ఆ మాటని అగ్రిమెంటులో రాయించాలని కూడా చూస్తాడు. అప్పుడు దస్తావేజు రాసేవాడు కళ్లజోడు పైకి తోసి, అలా కుదరదంటాడు. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. పూర్తి హక్కుతో ఇచ్చేసిన ఆస్తిని ఫలానా విధంగానే వాడుకోవాలని షరతు రాసినా, తీసుకున్నవాడు ఆ షరతు లేనట్టే అనుభవించవచ్చని అందులో పదకొండో సెక్షన్ చెబుతుంది. మన దస్తావేజులు కూడా ఉదారంగానే రాస్తారు. రాజుల నాటి దానశాసనాల్లోంచి దిగివచ్చిన నిధి నిక్షేప జల పాషాణాలతో సహా అన్నీ కొన్నవాడివే, దాన విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా. నుయ్యి ఉంచడం, ములగచెట్టు కొట్టకపోవడం వాటిలో ఎక్కడా లేవు.

ఆయన్ని ఆపుతున్నవి మనసులూ గినసులూ కావు, కాగితాలని మరికొందరంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన స్వార్జితమైన ఇంట్లో కొడుకులతో సమానంగా కూతుళ్లూ వారసులే, 1956 నుంచీ అంతే. పిత్రార్జితమైతే 1986లో మన రాష్ట్రం, 2005లో దేశం మొత్తం కూతుళ్లకి పుట్టుకతోనే వాటా ఇచ్చాయి. కనుక విజయనగరంలో ఉన్న అక్కగారి సంతకం కావాలి. ఆ అక్కగారితో ఒక గాజుల జత విషయమై మాటల్లేవు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఇక పన్నుంది. తాతల నాటి ఇంటికైనా లాభం లెక్కకట్టేటప్పుడు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను మూలధనంగా తీసుకోవచ్చు. ప్రభుత్వం లెక్కలో ఆ ఇంటి పుట్టినరోజు ఏప్రిల్ ఫూల్స్ డే. దీర్ఘకాలిక లాభం మీద ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా పన్నెండున్నర శాతం కట్టాలా, సర్దుబాటుతో 20 శాతం కట్టాలా అన్నది 2024 జూలై 23కి ముందు వచ్చిన ఆస్తికి ఇక్కడ ఉండే సొంతదారు ఇష్టం. ఇలాంటి ఇష్టం ఒకటి చేతికిస్తే ఆసామి ఆరు నెలలు హాయిగా గడిపేస్తాడు. ఇన్ని చిక్కులున్న మాట నిజమే. అయితే ఆయన వాటిని విప్పే తీరు గమనించండి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) ఇప్పుడు కంప్యూటర్లో నిమిషాల మీద వస్తుంది. ఆయన మాత్రం లింకు డాక్యుమెంట్ల కోసం భోషాణం తెరుస్తాడు. అందులో తండ్రి రాసిన పద్దుపుస్తకం దొరుకుతుంది, ఇటుకలు వెయ్యికి ఇంత, సున్నం బస్తాకి ఇంత. సాయంత్రం దాకా అదే చదువుతాడు. పవర్ కాగితం గడువు నిక్షేపంగా దాటిపోతుంది. అక్కగారికి ఫోన్ చేయడానికి సంతకం ఒక వంక దొరికిందని, రెండేళ్లుగా ఆవిడతో గంటలకొద్దీ మాట్లాడుతున్నా సంతకం సంగతి ఇంకా ఎత్తలేదని ఆయన భార్యను అడిగితే తెలుస్తుంది.

పోలవరం ముంపు ఊళ్లలో, అంతకుముందు శ్రీశైలం కింద, తలుపులూ వాసాలూ ఊడదీసుకుని వెళ్లినవాళ్ల ముందు ఈ ఆసామి బాధ ఏపాటిది అనొచ్చు. ఏపాటిదీ కాదు. అందుకే ఈయన మీద నవ్వగలుగుతున్నాం, వాళ్ల మీద నవ్వలేం. కానీ వాళ్లు కూడా తలుపులు వెంట తీసుకునే వెళ్లారన్న సంగతి మన వాదానికి అడ్డు రాదు.

మరి ఈయనకు మందేమిటి? యోగా చేయమనీ, ధర తగ్గించుకోమనీ, ‘ఇటుకలే కదా నాన్నా’ అనీ చెబితే బీపీ పెరుగుతుంది. బేరాన్నీ వీడ్కోలునీ రెండు పద్దులుగా విడగొట్టాలి, అదీ ఈ వరుసలో: ముందు వీడ్కోలు, తర్వాత బేరం. బ్రోకరుకి చెప్పకముందే ఒక వేసవిలో అందరినీ పిలవాలి. మాటల్లేని అక్కగారితో సహా. పెరట్లో గాడిపొయ్యి తవ్వి వంట చేయించాలి, గంగాళం ఎవరికో, ఉయ్యాలబల్ల ఎవరికో ఆ రోజే తేల్చాలి, ఉయ్యాలబల్ల దగ్గర ఒక చిన్న పోట్లాట కూడా జరగాలి. వంటింటి ద్వారబంధాన్ని వడ్రంగిని పిలిచి ముందే ఊడదీయించి గచ్చిబౌలి పంపేయాలి. అక్కడ దాన్ని ఎక్కడ పెట్టాలో కోడలికి అంతుపట్టదు, అది వేరే సంగతి. ఇంతా అయ్యాక ఇంట్లో మిగిలేది గజాలు, రోడ్డు వెడల్పు, ముఖం. వాటిని ప్లాటు అమ్మినట్టే అమ్మొచ్చు, సిద్ధాంతి ఆగ్నేయం అంటే ఆగ్నేయానికి ఎంత తగ్గించాలో మాట్లాడుకోవచ్చు. భోజనాలయ్యాక కూడా ఆసామి అరవై వేలే అంటే అప్పుడు నిజంగా ఆశే, నా వాదం వాపసు తీసుకుంటాను.

మన ఆసామికి ఇదంతా ఎవరూ చెప్పరు గనక చివరికి అలసిపోయి బిల్డరుకే ఇస్తాడు, ముందు వద్దన్న ధర కంటే కాస్త తక్కువకి. ఏడాదిన్నరలో అక్కడ ఐదంతస్తులు లేస్తాయి. రోజూ వాకింగ్ నెపంతో వచ్చి ఎదురు అరుగు మీద కూర్చునే ఆయన ఒకనాడు లోపలికెళ్లి, రెండో అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాటు ఎంతని అడుగుతాడు. చెప్పిన ధర విని, ఈ పాడు వీధిలో చదరపు అడుగుకి అంతా అని నోరు నొక్కుకుంటాడు. మర్నాడు సిద్ధాంతిని వెంటపెట్టుకుని వస్తాడు, అదే సిద్ధాంతి, అదే దిక్సూచి. వీధిపోటు ఉంది కాబట్టి అడుక్కి మూడొందలు తగ్గించాల్సిందేనని ఇప్పుడు పట్టుబట్టి కూర్చున్నాడట.