న్యూటన్ పక్షం

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో రిమోట్ మా అమ్మాయిది. మొన్న 'బీథోవెన్' పెట్టింది. 1992 నాటి హాలీవుడ్ సినిమా. పేరు విని సంగీతం సినిమా అనుకుని మా అమ్మ కూడా కళ్లజోడు తుడుచుకుని వచ్చి కూర్చుంది. తెర మీదికి దూడంత సెయింట్ బెర్నార్డ్ కుక్క వచ్చింది. "పాడేది ఇదేనా?" అంది అమ్మ.

మా వీధికి కేబుల్ కనెక్షన్లు వచ్చిన కొత్తలో ఈ సినిమా చూసి కడుపుబ్బ నవ్వినవాణ్ణి నేను. అప్పుడు నా ఓటు కుక్కకే. ఈసారి పావుగంట తిరగకుండానే పార్టీ మారిపోయాను. ఆ ఇంటి యజమాని పేరు జార్జ్ న్యూటన్. ఆపిల్ మీదపడ్డ న్యూటన్ కాదు, కుక్క మీదపడ్డ న్యూటన్. పాపం, ఆయన వ్యాపారం ఎయిర్ ఫ్రెషనర్లు. ఊరందరికీ సువాసనలు అమ్మి ఇంటికొస్తే, బురదలో పొర్లిన కుక్క పడకగదిలో ఒళ్లు విదిలిస్తుంది. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నేను మాత్రం ఆ దుప్పట్లు ఇంట్లో ఉతకాలా, లాండ్రీకి వెయ్యాలా అని లెక్కలేస్తున్నాను.

పెరట్లో విందు సన్నివేశం మరీ ఘోరం. పెట్టుబడి పెడతామని వచ్చిన దంపతులను ఆ కుక్క కుర్చీలతో సహా ఈడ్చుకుపోతుంది. తీరా చూస్తే వాళ్లు మోసగాళ్లు. అంటే కుక్క చేసిందే రైటన్నమాట! ఈ సినిమాల్లో నాకు మింగుడుపడనిది ఇదే. జంతువు ఏది పగలగొట్టినా దాని కింద ఒక మోసగాడు దొరుకుతాడు. మా ఇంట్లో పగిలినవాటి కింద ఇంతవరకు పెంకులే దొరికాయి. మరొకరితో కలిసి ఈ కథ రాసింది 'హోమ్ అలోన్' రాసిన జాన్ హ్యూస్. కానీ తెర మీద అసలు పేరు వేసుకోలేదు, ఎడ్మండ్ డాంటెస్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. ఆయనింట్లోనూ తివాచీ ఉండే ఉంటుంది.

మన 'రాజేంద్రుడు గజేంద్రుడు' సంగతీ అంతే. తనకే దిక్కులేని రాజేంద్ర ప్రసాద్‌కి లాటరీలో ఏనుగు తగులుతుంది. 1993లో ఈలలు వేశాం. ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుందని తెలిశాక, ఇప్పుడు టీవీలో ఆ సినిమా వస్తే నాకు ఏనుగు కనిపించదు, గడ్డి ఖర్చు కనిపిస్తుంది. 'బేబ్' సినిమాలో ఒక్క పందిపిల్ల పాత్రకు 48 పందిపిల్లలను వాడారు, షూటింగ్ అయ్యేలోపు అవి పెరిగిపోతాయని. మన పెద్ద హీరోలకైనా అంతమంది డూపులుండరు. పెరిగిపోతారన్న బెంగ వాళ్లకెటూ లేదు. పందిపిల్ల అంటే గుర్తొచ్చింది, 2016లో నోట్లు రద్దయినప్పుడు దర్శకుడు రవిబాబు 'అదుగో' సినిమా పందిపిల్లను ఎత్తుకుని ఏటీఎం క్యూలో నిలబడ్డ ఫొటో ఊరంతా తిరిగింది. ఆ క్యూలో సహనం కోల్పోని ప్రాణి అదొక్కటేనని నా అనుమానం.

కోతులకు మాత్రం మన దగ్గర ఈ అవకాశం లేదు. వాటికి ఆటలు నేర్పి ప్రదర్శించకూడదని కేంద్రం 1998లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి కోతి వేషాలు చూడాలంటే రెండే దారులు: గ్రాఫిక్స్, లేదా మా మేడ.

సరిగ్గా ఆ కుర్చీల ఈడ్పుడు దగ్గరే పైన చప్పుడైంది. పొద్దున్నే అమ్మ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. కర్ర పుచ్చుకుని పరుగెత్తాను. ఒక గండుకోతి చీర చెంగు పట్టుకుని పిట్టగోడ ఎక్కుతోంది. వడియాలు కింద పక్కింటివాళ్ల కారు మీద జడివానలా పడుతున్నాయి. కర్ర ఎత్తాను. అది పళ్లు చూపించింది. కర్ర దించాను.

"కొట్టకురా, ఆంజనేయస్వామి!" అంటూ ఆయాసపడుతూ వచ్చింది అమ్మ.

"పోయేవి నీ వడియాలేనమ్మా!"

"స్వామి తింటే తిన్నాడులే. ఆ చీర మాత్రం లాక్కో, మీ నాన్న కొన్నది."

చీర ఒక కొస స్వామి దగ్గర, ఇంకో కొస నా దగ్గర. వెనకనుంచి ఫోన్ పట్టుకుని మా అమ్మాయి, "నాన్నా, ఇంకోసారి కర్ర ఎత్తవా? ఇందాకటిది సరిగా రాలేదు" అంది. సాయంత్రానికి ఆ వీడియో బంధువుల గ్రూపులో పడింది. మెచ్చుకున్నవాళ్లంతా కోతి నటననే మెచ్చుకున్నారు. మా బావ ఒక్కడే నా గురించి అడిగాడు, ఆ బనియన్ ఎక్కడ కొన్నావని.

రాత్రి అమ్మ మనవరాల్ని అడిగింది. "ఆ కుక్క సినిమాలో వాళ్ల నాన్న ఆఖరికి ఏం చేశాడే?"

"కుక్కని ఇంట్లోనే ఉంచేసుకున్నాడు నానమ్మా."

మర్నాడు పొద్దున మేడెక్కితే పిట్టగోడ మీద రెండు అరటిపండ్లు కనిపించాయి. ఎవరు పెట్టారంటే, పూజలో మిగిలాయంది అమ్మ.