ట్రేలు తోముతున్న అల్లుడి మనవి

జగదల్‌పూర్,
ఆషాఢ మాసం.

మామయ్యగారికి,

అక్కడ మీరూ, అత్తయ్యగారూ, ఆషాఢం పుణ్యమా అని పుట్టింట్లో కాలు మీద కాలేసుకు కూర్చున్న మీ అమ్మాయీ క్షేమమని తలుస్తాను.

మొన్న మీరు ఫోన్ చేసి "ఏం చేస్తున్నావయ్యా అల్లుడూ" అంటే "తోముతున్నానండి" అన్నాను. ఏం తోముతున్నానో చెప్పేలోపు సిగ్నల్ పోయింది. ఆ తోమేదేమిటో మీ కడియపులంక జనమే పూరించుకున్నారు. అల్లుడు ఎక్కడో అడవిలో హోటల్లో గిన్నెలు తోముతున్నాడని మీ వీధిలో మొదలై, కాలవ గట్టు దాటేసరికి ఉద్యోగం ఊడిందని పెరిగి, మా అమ్మ చెవిన పడేటప్పటికి అప్పులపాలయ్యానని ఖాయమైపోయింది. మా అమ్మ ఏడ్చిందట. మీ అమ్మాయి మాత్రం "ఆయన గిన్నెలు తోమడమేంటి, గిన్నె ఎటు బోర్లించాలో కూడా తెలీదు" అని తేల్చేసిందట. పెళ్ళయిన రెణ్ణెల్లకి భార్య ఇచ్చిన ఆ సర్టిఫికెట్టే నా పరువు కాపాడింది.

ఇక ఫోనుని నమ్మి లాభం లేదని ఉత్తరం రాస్తున్నాను. నేను తోముతున్నవి ఇక్కడి నర్సరీలో నారు ట్రేలండి. నల్లటి పల్చటి ప్లాస్టిక్ ట్రే, అందులో 98 గుంతలు. మిరప, టమాటా, వంగ నారుకి అదే. సొర, బీర, దోస జాతికైతే 50 గుంతలది. గుంతకో విత్తనం, చుట్టూ కొబ్బరి పొట్టు. మీ నర్సరీలో గులాబీలూ, మామిడి అంట్లూ నల్ల కవర్లలో పుట్టి కవరుతోనే లారీ ఎక్కి వెళ్ళిపోతాయి కాబట్టి మీకీ బాధ తెలీదు. మా దగ్గర నారు వెళ్తుంది, ట్రే తిరిగొస్తుంది. జాగ్రత్తగా వాడితే ఒక్కో ట్రే నాలుగైదు పంటలకి పనికొస్తుంది గనక యజమాని కొత్తవి కొనడు. వెయ్యి ట్రేలంటే 98,000 గుంతలు. మీ అల్లుడి హోదా ఏమిటని ఎవరైనా అడిగితే ఆ అంకె చెప్పండి, మిగతాది వాళ్ళే ఊహించుకుంటారు.

రైతుల దగ్గర్నుంచి తిరిగొచ్చే ట్రేలు ఏ అవతారంలో వస్తాయో చెప్పాలి. ఒకదాంట్లో కోడిపిల్లలకి నూకలు పోశారు. ఒకదాన్ని ఇంటిచూరులో దోపి దాంట్లో ఎండుమిరపకాయలు దాచారు. ఒకదాని గుంతల నిండా చింతగింజలు. పిల్లలు వామనగుంటలు ఆడారన్నమాట! లెక్కేసి చూస్తే వామనగుంటల పీటకి 14 గుంటలు, మా ట్రేలో ఏడు పద్నాలుగులు. ఒకేసారి ఏడు జతలు కూర్చుని ఆడుకోవచ్చు. దీన్ని తయారుచేసిన కంపెనీవాడికి ఈ ఉపయోగం తట్టి ఉండదు.

"నీళ్ళతో జాడించి ఎండలో పడేస్తే చాలదూ, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అంటారని తెలుసు. మీ కాలంలోనూ నారుకుళ్ళు ఉందండి, మీరు దాన్ని దిష్టి అనుకుని ఉంటారు. సాయంత్రం చూస్తే మొక్క రెండాకులతో నిగనిగలాడుతుంది. తెల్లారేసరికి మట్టి అంచున కాడ దారంలా సన్నబడి, నీరు పట్టి, తల పక్కకి వాల్చేస్తుంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, అదే కడుపు మండే విషయం. పితియం, రైజోక్టోనియా అని రెండు సూక్ష్మజీవుల పేర్లు ముందు చెబుతారు. పితియం మరీ నీటి జీవి, దాని బీజాలు తడిలో ఈదుకుంటూ పక్క గుంతకి పోతాయి. పాత ట్రేలో గుంత మూలన అంటుకుని ఉన్న వేరుముక్క ఒక్కటి చాలు, నిరుటి రోగం ఈ ఏటి నారుకి వారసత్వంగా దిగుతుంది. ఆ తర్వాత రాగి మందు కలిపి పోయడం, మిగిలినవాటినన్నా దక్కించుకుందామని ఆరాటపడడం తప్ప, పోయిన మొక్క ఎలాగూ లేవదు.

అందుకని ట్రేని రెండుసార్లు శుద్ధి చేయాలి. ఒకటి మురికికి, రెండోది రోగానికి. మనవాళ్ళకి మొదటిదంటే బద్ధకం, రెండోదంటే మోజు. మందు పోస్తే పుణ్యం వచ్చేసినట్టే! నేను వచ్చిన కొత్తలో ఇక్కడా అదే వరస: మట్టి పట్టిన ట్రేల్ని అలాగే తెచ్చి బ్లీచింగ్ నీళ్ళ డ్రమ్ములో ముంచడం, ఘాటు వాసన రాగానే పని అయిపోయిందని చేతులు దులుపుకోవడం. క్లోరిన్‌కి మట్టి వేరు, రోగం వేరు అన్న తేడా తెలీదండి. నాచు, వేరు, కొబ్బరి పొట్టు, ఏది ముందు తగిలితే దాంతోనే కలిసి ఖర్చయిపోతుంది. తీరా శిలీంధ్రం దాకా వెళ్ళేసరికి దాని జేబులో ఏమీ ఉండదు. కాబట్టి ముందు కర్రతో తట్టి ఎండిన పొట్టు రాల్చాలి, తర్వాత సబ్బు నీళ్ళలో నానబెట్టాలి, ఆ తర్వాత బ్రష్షు. గుంత పైన వెడల్పు, కింద ఇరుకు, అడుగున నీరు పోవడానికో చిల్లి. నా వేలు సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఆ మూలలకి ఇక్కడివాళ్ళు పళ్ళు తోముకునే సాల పుల్లనే వాడుతున్నారు. చివర చితక్కొట్టి కుచ్చు చేస్తే ఏ కంపెనీ బ్రష్షూ దాని ముందు నిలవదు.

ఇక్కడ ఒక సంగతి జరిగింది, మీ అమ్మాయికి చెప్పొద్దు. ట్రేలు తోమేవాళ్ళలో కుంట ఊరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. మిగతావాళ్ళంతా హల్బీ మాట్లాడుతుంటే నేను తెలుగులో నాలో నేను గొణుక్కోవడం అలవాటైపోయింది. ఒకరోజు "ఈ మహాతల్లి పొద్దుగూకేసరికి రెండు ట్రేలన్నా తోముతుందో లేదో" అన్నాను. ఆవిడ తలెత్తకుండా "మీరు మాట ఆపితే మూడు తోముతా సారూ" అంది. స్వచ్ఛమైన తెలుగు! కుంట దాటితే భద్రాచలం ఎంత దూరమని? ఏటా మిరపకాయ కోతలకి ఖమ్మం వైపు వెళ్ళొస్తుందట. అక్కడి మిరప కోయడానికి ఈవిడ దక్షిణానికి పోవడం, ఇక్కడి మిరప నారు పోయడానికి నేను ఉత్తరానికి రావడం. మధ్యలో ఎక్కడో ఒకరికొకరం ఎదురుపడే ఉంటాం.

ఆవిడ దగ్గర నేర్చుకున్నదొకటి ఉంది. కడిగిన ట్రేని ఆకాశానికి ఎత్తి పట్టి అడుగు నుంచి చూస్తుంది. వరసకి పద్నాలుగు చొప్పున ఏడు వరసల వెలుగు చుక్కలు కనబడాలి. ఎక్కడైనా ఒక్క చుక్క ఆరి ఉంటే ఆ చిల్లిలో వేరు ఉన్నట్టు. పుల్ల తీసి పొడుస్తుంది. తెల్ల వెంట్రుకలాంటి వేరు, దాని కొసన రాగి గింజంత ఎండు పొట్టు ఊడి పడతాయి. నేను రాసుకున్న మూడు పేజీల పనితీరు రిజిస్టరు కన్నా ఆ చూపు నయం.

తర్వాత మందు. మీరు రాసుకోరని తెలిసీ కొలత రాస్తున్నాను. వంద లీటర్ల నీళ్ళకి కిలోన్నర బ్లీచింగ్ పౌడరు. పంచాయతీవాళ్ళు బావిలో వేసేదే, క్లోరిన్ 30 శాతానికి తగ్గకూడదు. ముందు బకెట్లో జారుగా కలిపి కాసేపు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది, పై తేట డ్రమ్ములో పోసుకోవాలి. డ్రమ్ము ప్లాస్టిక్‌ది, ఇనపదైతే తుప్పు తినేస్తుంది. కలిపేది నీడలో, అదీ ఏ పూటకా పూట. ఎండకీ, నిలవకీ క్లోరిన్ ఎగిరిపోతుంది. అరగంట ముంచి, మంచినీళ్ళతో బాగా జాడించాలి, లేకపోతే రోగానికి పెట్టిన మంట లేత వేరుకి తగులుతుంది. సంచి విప్పగానే ముక్కు మండాలండి. ఒక కొట్టువాడు మాకు అంటగట్టిన సంచిలో ముఖం పెట్టి చూసినా తుమ్ము కూడా రాలేదు. తేమకి ఎప్పుడో చచ్చిపోయిన పౌడరు, గోడకి వెల్ల వేయడానికి పనికొచ్చింది.

మా షెడ్డు కుర్రాడొకడు ఉత్సాహవంతుడు. "దీంట్లో బాత్రూం యాసిడ్ కొంచెం పోస్తే ఇంకా బాగా పోతుంది కదా సార్" అని సీసా పట్టుకొచ్చాడు. పోతుంది, ముందు మనం పోతాం! ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915లో ఈప్రే దగ్గర జర్మనీవాళ్ళు శత్రువుల మీదికి వదిలింది దాన్నే. యుద్ధాలు ఆపి సీసా వెనక్కి పంపించాను. అత్తయ్యగారు కూడా బాత్రూం కడిగేటప్పుడు ఈ రెండిటినీ కలపకుండా చూడండి, ఇది మాత్రం హాస్యానికి రాయడం లేదు.

ఈ పౌడరు 1799లో స్కాట్లండ్‌లో చార్లెస్ టెనెంట్ అనే ఆయన బట్టలు తెల్లబరచడానికి పేటెంటు తీసుకున్న సరుకు. దాని అసలు విలువ ఏమిటో 1847లో వియన్నా ఆస్పత్రి చూసింది. అక్కడ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతో కాన్పులకి వెళ్ళకండి, ఈ నీళ్ళలో కడుక్కుని వెళ్ళండి అన్నాడు. బాలింతల చావులు తగ్గాయి. తోటి డాక్టర్లకి మాత్రం కోపం వచ్చింది, పెద్దమనుషుల చేతులు మురికి అంటావా అని. చేతులు కడుక్కోమంటే పెద్దవాళ్ళకి వచ్చే కోపం నాకెందుకు గుర్తొచ్చిందో కింద మీకే తెలుస్తుంది.

కడగడం ఒక ఎత్తు, ఆరబెట్టడం పదెత్తులు. ఇక్కడి వాన మన వాన కాదండి. మొదలైందంటే ఆకాశం కనబడితే పండగే. తడి ట్రేల్ని దొంతర పెడితే మధ్యలో మళ్ళీ నాచు పుడుతుంది. అందుకని పాలీహౌసులో తీగలు కట్టి ట్రేల్ని బోర్లించి వేలాడదీస్తున్నాం. పెళ్ళిపందిట్లో మామిడి తోరణాలు చూసిన కళ్ళతో ఇప్పుడు ఇవి చూస్తున్నాను. మరిగే నీళ్ళలో ముంచేస్తే పోలేదా అంటారేమో, ఈ పల్చటి ప్లాస్టిక్ వేడికి ముడుచుకుపోయి అప్పడమైపోతుంది.

అత్తయ్యగారు అడిగిన తులసి కుండీ సంగతి మర్చిపోలేదు. కొండగావ్‌లో మట్టిపని వాళ్ళ చేతి కుండీలు చూస్తే కళ్ళు చెదురుతాయి, ఏనుగు మొహాలవీ ఉన్నాయి. కొత్త కుండీని ఒక పూట నీళ్ళలో నానబెట్టాకే మట్టి పోయమనండి, లేకపోతే మొక్కకి పోసిన నీళ్ళు అదే తాగేస్తుంది. పెరట్లో ఉన్న పాత కుండీల మీద తెల్లగా పేరుకున్నది మాత్రం బూజు కాదు, నీళ్ళలోని, ఎరువులోని ఉప్పు. గట్టి బ్రష్షుతో గీకితే పోతుంది. తులసి కోటకి బ్లీచింగ్ పెట్టమని నేను అనలేదు, అనను, అన్నానని ఎవరు చెప్పినా నమ్మొద్దనండి.

మీకు నచ్చే కబురు ఒకటుంది. మీరు మామిడికి అంటుకట్టినట్టు ఛత్తీస్‌గఢ్‌లో వంగకీ టమాటాకీ అంటుకడుతున్నారు. నేలలోంచి వచ్చే ఎండు తెగులుకి తట్టుకునే మొండి వేరు మీద మంచి రకం పై కాడ. కాడ అగ్గిపుల్లంత, క్లిప్పు చీమంత. బ్లేడుని మాటిమాటికీ స్పిరిట్‌తో తుడుస్తారు. మీరు చూడాలి.

చూడడానికి రమ్మనే ఈ ఉత్తరం. విశాఖ నుంచి కిరందూల్ రైలెక్కితే అరకు సొరంగాలన్నీ దాటించి జగదల్‌పూర్‌లో దింపుతుంది. అడవిలో ఒంటరిగా పడి ఉన్నానని బెంగ పెట్టుకోకండి. 1323లో ఓరుగల్లు పడ్డాక కాకతీయుల అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. దంతేశ్వరి అమ్మవారి దసరా 75 రోజులు చేస్తారు. అంటే మీరు ఎప్పుడొచ్చినా మర్యాదలకి లోటుండదు. ఎర్రచీమల పచ్చడి మాత్రం అత్తయ్యగారికి తెలియకుండా పెడతాను, పుల్లగా బాగుంటుంది.

అయితే గేటు దగ్గర రెండు నియమాలున్నాయి. మొదటిది, బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో చెప్పులతో సహా కాళ్ళు పెట్టి రావాలి. జరీ పంచెలో రాకండి, అంచు రంగు వదిలేస్తుంది.

రెండోది మీ చుట్ట. చుట్ట బయటే ఆర్పాలి, ఆర్పినంత మాత్రాన సరిపోదు. పొగాకుకి మొజాయిక్ అని ఒక వైరస్ ఉంది. 1898లో బైయెరింక్ అనే ఆయన ఇది బాక్టీరియా కాదు, మరేదో అని చెప్పింది దీని గురించే. ఎండి చుట్ట అయిపోయినా, ఏళ్ళు గడిచినా ఆ ఆకులో అది చావదు. చుట్ట పట్టుకున్న వేళ్ళతో టమాటా నారు ముట్టుకుంటే వేళ్ళ మీంచి మొక్కకి దిగుతుంది. విచిత్రంగా దీనికి పాలు పనిచేస్తాయి. వెన్న తీసిన పాలపొడి నీళ్ళలో చిక్కగా కలిపి చేతులు తడుపుకుంటే వైరస్ పట్టు సడలుతుంది, నర్సరీల్లో అదే చేస్తారు.

కాబట్టి మామయ్యగారూ, వైశాఖంలో పందిట్లో మీరు పళ్ళెంలో నా కాళ్ళు కడిగారు. శ్రావణంలో మీరొస్తే గేటు దగ్గర బేసిన్ పెట్టి మీ చేతులు పాలతో నేను కడుగుతాను. ఫొటోగ్రాఫర్ని కూడా పిలుస్తాను, మీ వీధిలో చూపించడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ అల్లుడు.

తా.క. మీ అమ్మాయిని పంపేటప్పుడు కొబ్బరి పీచు బ్రష్షులు ఓ డజను పంపండి. ఇక్కడ దొరికేవి నైలాన్‌వి, ట్రేని గీరి పారేస్తున్నాయి.